విజిల్ వేస్తే... విలవిల!

ఆటిజం ఉన్న చాలామంది చిన్నారులకు మామూలు చప్పుళ్లే పిడుగుల్లా వినపడతాయి. 'హెడ్‌ఫోన్స్ పెట్టి పది రోజులు సంగీతం వినిపిస్తే చాలు, ఆ బాధ పోతుంది' అని చెప్పే థెరపీలూ ఉన్నాయి. అవి ఎక్కడ పుట్టాయి? నిజంగా పనిచేస్తాయా? ఇంట్లో అమ్మానాన్నలు ఏం చేయొచ్చు?

వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది. అమ్మకి అది పప్పు ఉడికిందన్న కబురు. పేపర్లో మునిగిపోయిన నాన్నకి అసలు వినపడనే వినపడదు. నాలుగేళ్ల బాబు మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోతాడు. మిక్సీ వేస్తే ఏడుపు. ఫ్లష్ నొక్కితే పరుగు. పెళ్లికి తీసుకెళ్తే బ్యాండ్ మేళం దగ్గర నేల మీద పడి దొర్లుతాడు. చూసినవాళ్లు 'ఎంత మొండి పిల్లాడో' అంటారు. 'అంతా తల్లి గారాబం' అని మరొకరు తేల్చేస్తారు.

మొండితనమూ కాదు, గారాబమూ కాదు. ఆటిజం ఉన్న పిల్లలున్న ఎన్నో ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. 1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాశారు. పెద్ద చప్పుళ్లంటే వాళ్లకున్న భయాన్ని అప్పుడే గమనించారాయన. వాక్యూమ్ క్లీనర్, లిఫ్టు, గుడ్లు గిలక్కొట్టే యంత్రం... చివరికి గాలి హోరుకి కూడా బెదిరిపోయేవారట. అయినా వైద్యులు వాడే ప్రామాణిక గ్రంథం డీఎస్ఎమ్‌లో, ఇలాంటి ఇంద్రియ సమస్యలకు ఆటిజం లక్షణాల జాబితాలో చోటు దక్కింది 2013లోనే! అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలను 2021లో ఒకచోట చేర్చి చూస్తే, ఆటిజం ఉన్నవారిలో సుమారు 60 శాతం మంది ఏదో ఒక వయసులో శబ్దాలను భరించలేని స్థితిని ఎదుర్కొన్నట్టు తేలింది.

చెవిలో కాదు... మెదడులో!

'మా వాడికి పాము చెవులండీ' అంటుంటారు కొందరు తల్లులు. నిజానికి ఈ పిల్లల్లో ఎక్కువమందికి వినికిడి మామూలుగానే ఉంటుంది. తేడా అంతా ఆ శబ్దాన్ని మెదడు అందుకునే తీరులో ఉంది. ఫ్యాను తిరుగుతుంటే మొదటి నిమిషం మనకు చప్పుడు తెలుస్తుంది. తర్వాత మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. శబ్దాలను భరించలేని పిల్లల్లో ఈ 'అలవాటు పడటం' సరిగా జరగదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఇలాంటి పిల్లల మెదడును స్కానింగ్ చేసి చూశారు. చప్పుడు వినిపించినప్పుడల్లా భయానికి కేంద్రమైన అమిగ్డలా గట్టిగా స్పందించింది. అదే చప్పుడు మళ్లీ మళ్లీ వినిపించినా ఆ స్పందన తగ్గలేదు. అంటే పదోసారి విన్న విజిల్ కూడా వాళ్లకి మొదటి విజిలే!

జంతుశాస్త్ర ఆచార్యురాలిగా ప్రపంచ ప్రసిద్ధి పొందిన టెంపుల్ గ్రాండిన్‌కు ఆటిజం ఉంది. చిన్నప్పుడు బడిగంట మోగితే పళ్ల డాక్టరు డ్రిల్లు నరానికి తగిలినట్టు ఉండేదని ఆమె చెబుతారు. మాటలు రాని చిన్నారి ఆ బాధను ఎలా చెప్పగలడు? చెవులు మూసుకోవడం, పారిపోవడం, కొట్టడం, కొరకడం... వాడికి తెలిసిన భాష అదే.

పారిస్ నుంచి మొదలు

శబ్దంతోనే శబ్దభయాన్ని పోగొట్టవచ్చన్న ఆలోచన ఫ్రాన్స్‌లో పుట్టింది. ఆల్‌ఫ్రెడ్ టొమాటిస్ చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. తండ్రి ఒపేరా గాయకుడు కావడంతో గాయకులూ ఆయన దగ్గరకు వచ్చేవారు. చెవి వినలేని స్వరాన్ని గొంతు పలకలేదన్నది ఆయన సిద్ధాంతం. 'ఎలక్ట్రానిక్ ఇయర్' అనే పరికరాన్ని తయారుచేసి మొజార్ట్ సంగీతం, చర్చి కీర్తనలు, కొన్నిసార్లు తల్లి గొంతు కూడా వడగట్టి వినిపించేవారు.

ఆయన దగ్గర మెలకువలు తెలుసుకుని వేరే దారి పట్టిన మరో వైద్యుడు గై బెరార్. ఆయన రూపొందించినదే 'ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్', పొట్టిగా ఏఐటీ. పద్ధతి సులువే. పిల్లవాడికి హెడ్‌ఫోన్స్ పెడతారు. పాట సాగుతుండగానే యంత్రం ఉన్నట్టుండి కింది స్థాయి, పై స్థాయి స్వరాలను మార్చి మార్చి వదులుతుంది. వినికిడి పరీక్షలో బాగా సున్నితంగా కనిపించిన స్థాయుల్ని వడగట్టేస్తుంది. పూటకు అరగంట, రోజుకు రెండు పూటలు, పది రోజులు. మొత్తం పది గంటలు!

ఈ థెరపీకి ప్రపంచమంతా పేరు రావడానికి కారణం ఒక అమ్మ. అమెరికాకు చెందిన అనాబెల్ స్టెలీ తన కూతురు జార్జీని 1970ల్లో బెరార్ దగ్గరకు తీసుకెళ్లారు. వాన చప్పుడు తనకు మెషిన్‌గన్ పేలినట్టు వినిపించేదని జార్జీ తర్వాత చెప్పింది. చికిత్సతో పాప మారిపోయిందంటూ ఆ తల్లి 1991లో 'ద సౌండ్ ఆఫ్ ఎ మిరకిల్' అనే పుస్తకం రాశారు. అంతే... వేలమంది అమ్మానాన్నలు తమ పిల్లలతో ఏఐటీ కేంద్రాల ముందు వరస కట్టారు.

అద్భుతం... పరీక్షకు నిలిచిందా?

ఒక బిడ్డకు మేలు జరిగిందంటే సంతోషమే. కానీ అందరికీ జరుగుతుందా అన్నది తేల్చాలంటే పరీక్ష పెట్టాలి. ఆస్ట్రేలియాలో 80 మంది పిల్లలతో ఆ పనే చేశారు. సగం మందికి ఏఐటీ సంగీతం, మిగతా సగానికి ఏ మార్పూ లేని మామూలు సంగీతం అన్నే గంటలు వినిపించారు. 1996లో వెలువడిన ఫలితం ఆశ్చర్యపరిచింది. రెండు జట్లూ ఒకేలా మెరుగుపడ్డాయి! అంటే యంత్రం చేసే గారడీ కన్నా, రోజూ ఒక ప్రశాంతమైన గదిలో కూర్చోవడం, పక్కన పెద్దవాళ్లు ఉండటం, వయసుతో వచ్చే మార్పు... వీటిలో ఏదైనా కారణం కావచ్చన్నమాట.

అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 1998లో, వాక్ శ్రవణ నిపుణుల సంఘం 2004లో ఏఐటీకి తగినంత ఆధారం లేదని ప్రకటించాయి. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2011లో 182 మంది పాల్గొన్న ఏడు అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో ఆరు ఏఐటీవి, ఒకటి టొమాటిస్ పద్ధతిది. ఈ చికిత్సలను సమర్థించేందుకు తగిన ఆధారాలు లేవన్నదే దాని తీర్పు కూడా.

ఈ మధ్య వినిపిస్తున్న మరో పేరు 'సేఫ్ అండ్ సౌండ్'. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ పోర్జెస్ రూపొందించిన ఇందులో మనిషి గొంతు పలికే స్థాయిలో వడగట్టిన సంగీతాన్ని అయిదు గంటలపాటు వినిపిస్తారు. కొందరు పిల్లల్లో శబ్దభయం తగ్గిందని ఆయన బృందం 2014లో రాసింది. అయితే అవి ప్రాథమిక ఫలితాలేనని ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. సంగీతం వింటూ పిల్లవాడు హాయిగా ఉంటే వినిపించండి, తప్పులేదు. కానీ ఆటిజం నయమవుతుందని నమ్మి అప్పు చేయడం, ఆ పేరుతో స్పీచ్ థెరపీ మానిపించడం మాత్రం వద్దు.

స్విచ్ వాడి చేతికే ఇవ్వండి

మరి దారేంటి? ఉంది. దానికి కావలసింది ఖరీదైన యంత్రం కాదు, ఓపిక. భయపెట్టే చప్పుడును చాలా చిన్నగా మొదలుపెట్టి, పిల్లవాడు కుదురుగా ఉన్నంతవరకే పెంచుతూ పోవడం. కాలిఫోర్నియాలో 2004లో ముగ్గురు పిల్లలకు, ఇంట్లో వినపడే మామూలు చప్పుళ్లతోనే ఈ పద్ధతి ప్రయత్నించి మంచి ఫలితం చూశారు. ముగ్గురంటే చిన్న లెక్కే. కానీ ఇతర భయాలను పోగొట్టడానికి మానసిక నిపుణులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మార్గమే ఇది.

మిక్సీనే తీసుకుందాం. మొదట దాన్ని ఆపి ఉంచి, పిల్లవాణ్ని తాకనివ్వాలి. తర్వాత దాని చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, వాడికి ఇష్టమైన ఆట ఆడుతుండగా వినీ వినపడనట్టు పెట్టాలి. చిరాకు పడకపోతే రెండు మూడు రోజులకు కాస్త పెంచాలి. ఆ తర్వాత వంటింట్లో మిక్సీ, హాల్లో పిల్లవాడు. చివరికి స్విచ్ వాడి చేతికే! ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు ఆగుతుందో తన చేతుల్లో ఉంటే భయం సగం తగ్గుతుంది. ఏడిస్తే ఒక మెట్టు దిగాలి. 'అలవాటవుతుందిలే' అని ఏడుస్తున్న బిడ్డను చప్పుడు ముందు బలవంతంగా కూర్చోబెడితే భయం ముదురుతుంది. థెరపిస్టు సలహాతో చేస్తే ఇంకా మంచిది.

* ఏ థెరపీకైనా ముందు చెవి వైద్యునితో, ఆడియాలజిస్టుతో పరీక్ష చేయించండి. చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నా చప్పుడుకు నొప్పి రావచ్చు.

* 'ఇప్పుడు కుక్కర్ కూస్తుంది, మూడుసార్లే' అని ముందే చెప్పండి. మాటలు అర్థంకాని పిల్లలకు బొమ్మ చూపించండి.

* పెళ్లిళ్లకు, జాతరలకు వెళ్లేటప్పుడు చెవులను కప్పే ఇయర్ మఫ్స్ వెంట ఉంచుకోండి. రోజంతా పెట్టి ఉంచితే మాత్రం మామూలు చప్పుళ్లు కూడా భరించలేని స్థితి రావచ్చు.

* గొడవలో తట్టుకోలేకపోతే వెళ్లి కూర్చోవడానికి ఒక ప్రశాంతమైన మూల ముందే చూసిపెట్టండి. బడిలో టీచర్‌కీ ఈ విషయం చెప్పండి.

* హెడ్‌ఫోన్ థెరపీకి డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ మార్పు వస్తుందంటున్నారు? దాన్ని ఎలా కొలుస్తారు? రాకపోతే ఎప్పుడు ఆపుతారు?

ఎక్కడికి వెళ్లాలి?

సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ ఉంది. వినికిడి పరీక్షలకు సికింద్రాబాద్‌లోనే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాలను అడగవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని కూడా గుర్తించింది. నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ' బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకూ వైద్య ఖర్చులకు రక్షణ ఉంటుంది.

వీధిలో హోరు సంగతి? 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు కూడా ఏడాదికి 15 రోజులు, అర్ధరాత్రి వరకే. వినాయక చవితి మండపంలో డీజే పెట్టేవాళ్లు, దీపావళికి లక్ష్మీబాంబు అంటించేవాళ్లు పక్కింటి చిన్నారిని ఒక్కసారి గుర్తుచేసుకుంటే చాలు. ఆ బిడ్డకు మనం చేయగల శబ్ద చికిత్స... వాల్యూమ్ తగ్గించడమే!