అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగ వ్యవస్థ ఆవిర్భావం

అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగం ఆ దేశపు అత్యున్నత శాసనం. 1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియా నగరంలో దీనిపై ప్రతినిధులు సంతకాలు చేశారు. 1788లో తగినన్ని రాష్ట్రాల ఆమోదం లభించగా, 1789 మార్చి 4 నుండి ఇది అమలులోకి వచ్చింది. ఒక దేశం మొత్తానికి వర్తించే లిఖిత రాజ్యాంగాలలో నేటికీ అమలులో ఉన్న అతి ప్రాచీనమైనది ఇదేనని సాధారణంగా పరిగణిస్తారు. మూల ప్రతిలో ఉన్నవి ఏడు అధికరణాలు మాత్రమే. తరువాతి కాలంలో 27 సవరణలు చేరాయి.

అయితే అమెరికా రాజ్యాంగ వ్యవస్థగా నేడు మనం ఎరిగినదంతా ఆ పత్రంలో లిఖించబడి లేదు. అధ్యక్షుని మంత్రివర్గం, రాజకీయ పక్షాలు, చట్టాలను కొట్టివేయగల న్యాయస్థానాల అధికారం - ఇవి అందులో స్పష్టంగా పేర్కొనబడలేదు. తొలి పదిహేను సంవత్సరాల ఆచరణలోను, వివాదాలలోను ఇవి రూపుదిద్దుకున్నాయి. కాబట్టి ఈ వ్యవస్థ ఆవిర్భావాన్ని 1787 నాటి సమావేశంతో ఆపకుండా, 1803 వరకు ఒకే కథగా చూడటం సముచితం.

నేపథ్యం

ఉత్తర అమెరికా తూర్పు తీరంలోని 13 బ్రిటిష్ వలస రాజ్యాలు 1776 జూలై 4న స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకున్నాయి. బ్రిటన్‌తో యుద్ధం 1783 నాటి పారిస్ సంధితో ముగిసింది. యుద్ధ కాలంలోనే ఈ రాష్ట్రాలు ‘ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్’ అనే ఒప్పందాన్ని రూపొందించుకున్నాయి. 1777 నవంబరులో తయారైన ఈ ఒప్పందం చివరి రాష్ట్రమైన మేరీలాండ్ ఆమోదంతో 1781 మార్చి 1న అమలులోకి వచ్చింది.

ఈ ఒప్పందం ప్రకారం కేంద్రంలో ఉన్నది కాంగ్రెసు అనే ఒకే ఒక సభ. (ఇక్కడ కాంగ్రెసు అనగా శాసనసభ అని గ్రహించాలి.) ప్రతి రాష్ట్రానికీ అందులో ఒక ఓటు. ప్రత్యేకంగా అధ్యక్షుడు గాని, జాతీయ న్యాయస్థానాల వ్యవస్థ గాని లేవు. ముఖ్య నిర్ణయాలకు 9 రాష్ట్రాల సమ్మతి కావాలి. ఒప్పందాన్ని సవరించాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అన్నిటినీ మించిన లోపం, కాంగ్రెసుకు పన్ను విధించే అధికారం లేకపోవడం. అది రాష్ట్రాలను ధనం అడగగలదే గాని వసూలు చేయలేదు. దిగుమతులపై నూటికి 5 వంతుల సుంకం విధించుకోవడానికి 1781లో కాంగ్రెసు అనుమతి కోరగా, రోడ్ ఐలాండ్ అనే అతి చిన్న రాష్ట్రం నిరాకరించడంతో ఆ ప్రయత్నం విఫలమైంది. యుద్ధ ఋణాలు తీర్చే మార్గం లేకపోయింది.

1786లో మసాచుసెట్స్ రాష్ట్రపు పశ్చిమ ప్రాంతంలో అప్పులతోను, పన్నులతోను కుంగిపోయిన రైతులు తిరుగుబాటు చేశారు. తమ భూములు జప్తు కాకుండా న్యాయస్థానాల సమావేశాలను అడ్డుకున్నారు. వీరి నాయకులలో ఒకడైన డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికాధికారి. 1787 జనవరిలో వీరు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంపైకి వెళ్ళారు. వీరిని అణచడానికి కాంగ్రెసు వద్ద సేనా లేదు, ధనమూ లేదు. బోస్టన్ వర్తకుల చందాలతో రాష్ట్రమే దళాన్ని సమకూర్చుకోవలసి వచ్చింది. రాజును తొలగించుకున్న దేశం తనను తాను పాలించుకోగలదా అన్న సందేహం దీనితో బలపడింది.

ఫిలడెల్ఫియా సమావేశం

1787 మే 25 నుండి సెప్టెంబరు 17 వరకు ఫిలడెల్ఫియాలో జరిగిన సమావేశానికి 12 రాష్ట్రాల నుండి 55 మంది ప్రతినిధులు వచ్చారు. రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. జార్జి వాషింగ్టన్ అధ్యక్షత వహించాడు. 81 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందరిలోకి వృద్ధుడు. థామస్ జెఫర్సన్ పారిస్‌లోను, జాన్ ఆడమ్స్ లండన్‌లోను రాయబారులుగా ఉన్నందున పాల్గొనలేదు. చర్చలు రహస్యంగా జరిగాయి. వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ ప్రతి దినం వ్రాసుకున్న వివరాలు ఆయన మరణానంతరం, 1840లో గాని ప్రచురింపబడలేదు.

ప్రతినిధులకు అప్పగించిన పని పాత ఒప్పందాన్ని సవరించడం మాత్రమే. వారు దానిని ప్రక్కన పెట్టి క్రొత్త రాజ్యాంగాన్నే రచించారు. ఈ కారణంగా సమావేశం తన పరిధిని అతిక్రమించిందన్న విమర్శ అప్పుడే వచ్చింది.

సభలో తలెత్తిన ప్రధాన వివాదం ప్రాతినిధ్యం. జనాభాను బట్టి స్థానాలు ఉండాలని వర్జీనియా ప్రణాళిక ప్రతిపాదించింది. పెద్ద రాష్ట్రాలకు ఇది లాభం. రాష్ట్రాలన్నిటికీ సమాన ఓటు ఉండాలని న్యూజెర్సీ ప్రణాళిక కోరింది. చివరకు కనెక్టికట్ ప్రతినిధులు సూచించిన మధ్యేమార్గం జూలై 16న 5-4 ఓట్ల తేడాతో నెగ్గింది. దీని ప్రకారం ప్రతినిధుల సభలో జనాభాను బట్టి స్థానాలు, సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికి ఇద్దరు సభ్యులు ఉంటారు. నేటికీ ఇదే పద్ధతి కొనసాగుతున్నది.

బానిసత్వంపై రాజీ

రెండవ వివాదం మరింత తీవ్రమైనది. 1790 నాటి మొదటి జనగణన ప్రకారం దేశ జనాభా సుమారు 39 లక్షలు కాగా, వారిలో దాదాపు 7 లక్షల మంది బానిసలు. వీరిలో అత్యధికులు దక్షిణ రాష్ట్రాలలో ఉన్నారు. ఓటు హక్కు లేని ఈ బానిసలను కూడా జనాభాలో లెక్కించి తమకు స్థానాలు ఇవ్వాలని ఆ రాష్ట్రాలు పట్టుబట్టాయి. బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులను లెక్కలోకి తీసుకోవాలని రాజీ కుదిరింది. అంతేగాక, బయటి నుండి బానిసలను తేవడాన్ని 1808కి ముందు కాంగ్రెసు నిషేధించరాదని, ఒక రాష్ట్రం నుండి పారిపోయిన బానిసను మరొక రాష్ట్రం తిరిగి అప్పగించాలని కూడా వ్రాసుకున్నారు.

మూల ప్రతిలో బానిస అన్న మాట ఎక్కడా కనబడదు. ‘ఇతర వ్యక్తులు’ వంటి మాటలతో ఆ విషయాన్ని కప్పిపుచ్చారు. రాష్ట్రాల ఐక్యత కోసం చెల్లించిన ఈ మూల్యాన్ని వారి మనుమల తరం యుద్ధభూమిలో తిరిగి చెల్లించవలసి వచ్చింది.

రాజ్యాంగ స్వరూపం

మొదటి మూడు అధికరణాలు ప్రభుత్వపు మూడు శాఖలను ఏర్పరచాయి:
- శాసన శాఖ: రెండు సభలు గల కాంగ్రెసు. ప్రతినిధుల సభ సభ్యుల పదవీకాలం 2 సంవత్సరాలు, సెనేటర్లది 6 సంవత్సరాలు. 1913 వరకు సెనేటర్లను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి.
- కార్యనిర్వాహక శాఖ: 4 సంవత్సరాలకు ఎన్నికయ్యే అధ్యక్షుడు. ఇతనిని ఎలెక్టర్లు అనే ప్రత్యేక ప్రతినిధులు ఎన్నుకుంటారు.
- న్యాయ శాఖ: సుప్రీంకోర్టు, కాంగ్రెసు ఏర్పాటు చేసే క్రింది న్యాయస్థానాలు. సత్ప్రవర్తన ఉన్నంత కాలం న్యాయమూర్తులను తొలగించరాదు.

ఈ శాఖలను విడదీయడమే గాక, ఒకదానిపై మరొకదానికి కొంత అదుపు కల్పించారు. కాంగ్రెసు చేసిన చట్టాన్ని అధ్యక్షుడు తిరస్కరించవచ్చు. ఉభయ సభలూ మూడింట రెండు వంతుల ఆధిక్యతతో ఆ తిరస్కారాన్ని త్రోసిపుచ్చవచ్చు. అధ్యక్షుడు చేసే ముఖ్య నియామకాలకు, సంధులకు సెనేట్ సమ్మతి అవసరం. పాలకులు దేవతలు కారు గనుక వారి అధికారానికి హద్దులు ఉండాలన్నది దీని సారాంశం.

ఆమోదం కొరకు పోరాటం

39 మంది ప్రతినిధులు రాజ్యాంగంపై సంతకం చేశారు. చివరి రోజున హాజరైన వారిలో జార్జి మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, ఎల్బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేయడానికి నిరాకరించారు. పౌరుల హక్కుల పట్టిక లేకపోవడం మేసన్ ప్రధాన అభ్యంతరం.

9 రాష్ట్రాలు ఆమోదిస్తే చాలునని నిబంధన. 1787 డిసెంబరు 7న డెలావేర్ మొదట ఆమోదించింది. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదవది అయింది. కాని వర్జీనియా, న్యూయార్క్ వంటి పెద్ద రాష్ట్రాలు లేకుండా దేశం నిలవదు. ఆ రెండు చోట్ల పోటీ హోరాహోరీగా సాగింది. వర్జీనియాలో 89-79, న్యూయార్క్‌లో 30-27 ఓట్లతో మాత్రమే ఆమోదం లభించింది. చివరిదైన రోడ్ ఐలాండ్ 1790 మే నెలలో 34-32 ఓట్లతో చేరింది. ఒక్క ఓటు అటు నుండి ఇటు మారినా ఫలితం సమానమయ్యేది.

రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే కలిసి ‘పబ్లియస్’ అనే మారుపేరుతో 85 వ్యాసాలు వ్రాశారు. ఇవి ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలుగా ప్రసిద్ధి చెందాయి. వ్యతిరేకించిన వారిలో వర్జీనియా వక్త పాట్రిక్ హెన్రీ ముఖ్యుడు. దూరాన ఉండే బలమైన ప్రభుత్వం ప్రజల స్వేచ్ఛను హరిస్తుందని వీరి భయం.

ఈ విమర్శ వృథా పోలేదు. సవరణలు చేయాలన్న సిఫారసుతోనే మసాచుసెట్స్ ఆమోదం తెలిపింది. మరికొన్ని రాష్ట్రాలు అదే మార్గాన్ని అనుసరించాయి. 1789 జూన్ 8న మాడిసన్ స్వయంగా సవరణలను ప్రవేశపెట్టాడు. కాంగ్రెసు పంపిన 12 సవరణలలో 10 సవరణలు 1791 డిసెంబరు 15న ఆమోదం పొందాయి. వాక్ స్వాతంత్ర్యం, మత స్వేచ్ఛ, జ్యూరీ విచారణ మొదలైన వాటికి రక్షణ కల్పించే ఈ పదింటినీ ‘హక్కుల బిల్లు’ అంటారు. ఓడిపోయిన పక్షం వాదన ఈ విధంగా రాజ్యాంగంలో భాగమైంది. మిగిలిన రెండింటిలో ఒకటి రెండు శతాబ్దాల తరువాత, 1992లో 27వ సవరణగా ఆమోదం పొందడం విశేషం.

తొలి ప్రభుత్వం, ఏర్పడిన సంప్రదాయాలు

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్ నగరంలో వాషింగ్టన్ మొదటి అధ్యక్షునిగా ప్రమాణం చేశాడు. ఆయన చేసిన ప్రతి పనీ తరువాతి వారికి ఒరవడి అయింది. ఆ సంవత్సరం ఆగస్టులో ఆదివాసులతో చేసుకోబోయే సంధి గురించి సలహా కోరుతూ ఆయన స్వయంగా సెనేట్‌కు వెళ్ళాడు. సభ్యులు వెంటనే తేల్చక వాయిదా వేయబోవడంతో ఆయనకు విసుగు కలిగింది. ఆ తరువాత ముందుగా సెనేట్‌కు వెళ్ళి సలహా అడిగే పద్ధతే లేకుండా పోయింది. దానికి బదులు శాఖాధిపతులైన జెఫర్సన్, హామిల్టన్, హెన్రీ నాక్స్, న్యాయాధికారి రాండాల్ఫ్‌లతో సంప్రదించడం అలవాటై, మంత్రివర్గం ఏర్పడింది.

1791లో జాతీయ బ్యాంకు స్థాపనపై పెద్ద వివాదం చెలరేగింది. రాజ్యాంగంలో బ్యాంకు ప్రస్తావన లేదు గనుక కాంగ్రెసుకు ఆ అధికారం లేదని జెఫర్సన్ వాదించాడు. అప్పగించిన పనులకు అవసరమైన సాధనాలు కూడా ఆ అధికారంలో ఇమిడి ఉంటాయని హామిల్టన్ సమాధానమిచ్చాడు. వాషింగ్టన్ హామిల్టన్ పక్షం వహించాడు. 1819లో సుప్రీంకోర్టు కూడా ఇదే భావాన్ని స్థిరపరచింది. ఈ విభేదాల నుండే ఫెడరలిస్టులు, రిపబ్లికన్లు అనే రెండు రాజకీయ పక్షాలు పుట్టాయి. ఈ రిపబ్లికన్ పక్షం 1854లో ఏర్పడిన రిపబ్లికన్ పార్టీ కాదు.

రెండు పర్యాయాల తరువాత వాషింగ్టన్ స్వచ్ఛందంగా పదవి వదలుకున్నాడు. ఈ సంప్రదాయం 1940 వరకు నిలిచింది. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ నాలుగు సార్లు ఎన్నికైన తరువాత, 1951లో 22వ సవరణ ద్వారా అది శాసనమైంది.

1800 ఎన్నిక

రాజకీయ పక్షాలను ఊహించని రాజ్యాంగానికి అసలు పరీక్ష 1800లో ఎదురైంది. అప్పటి నిబంధన ప్రకారం ప్రతి ఎలెక్టరూ ఇద్దరికి ఓటు వేయాలి. అధిక ఓట్లు వచ్చిన వ్యక్తి అధ్యక్షుడు, తరువాతి వ్యక్తి ఉపాధ్యక్షుడు. ఒకే పక్షానికి చెందిన జెఫర్సన్‌కు, ఆరన్ బర్‌కు చెరి 73 ఓట్లు వచ్చాయి. నిర్ణయం ప్రతినిధుల సభకు చేరింది. 1801 ఫిబ్రవరి 17న 36వ విడత ఓటింగులో గాని జెఫర్సన్ నెగ్గలేదు. ఓడిపోయిన అధ్యక్షుడు ఆడమ్స్ క్రొత్త అధ్యక్షుని ప్రమాణ స్వీకారానికి ఆగకుండానే తెల్లవారుజామున రాజధాని విడిచి వెళ్ళాడు. అయినా అధికారం ఒక పక్షం నుండి మరొక పక్షానికి రక్తపాతం లేకుండా మారింది. ఈ చిక్కు మళ్ళీ రాకుండా 1804లో 12వ సవరణ చేశారు.

న్యాయ సమీక్ష

ఆడమ్స్ దిగిపోయే ముందు విలియం మార్బరీ అనే వ్యక్తిని చిన్న న్యాయాధికారి పదవిలో నియమించాడు. ఉత్తర్వుపై సంతకం, ముద్ర పడ్డాయి గాని అది అతనికి అందలేదు. క్రొత్త ప్రభుత్వం ఇవ్వకపోవడంతో అతడు నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్‌కు ఇది ధర్మసంకటం. ఉత్తర్వు ఇమ్మని ఆదేశిస్తే ప్రభుత్వం లెక్కచేయకపోవచ్చు. ఆదేశించకపోతే న్యాయస్థానం భయపడినట్లవుతుంది.

1803 ఫిబ్రవరి 24న తీర్పు వెలువడింది. మార్బరీకి ఉత్తర్వు పొందే హక్కు ఉన్నదని, కాని ఇటువంటి దావాను నేరుగా సుప్రీంకోర్టులో వేసే వీలు కల్పించిన 1789 నాటి చట్ట భాగం రాజ్యాంగ విరుద్ధమని, కనుక అది చెల్లదని మార్షల్ ప్రకటించాడు. అంటే ఒక చిన్న అధికారాన్ని వదులుకుని, చట్టాలను రాజ్యాంగంతో సరిచూసే పెద్ద అధికారాన్ని న్యాయస్థానం స్థిరపరచుకున్నది. దీనినే న్యాయ సమీక్ష అంటారు.

మిగిలిపోయిన సమస్య

ఈ అధికారం అన్ని వేళలా స్వేచ్ఛకు తోడ్పడలేదు. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన దావాలో, నల్లజాతి వారు అమెరికా పౌరులు కాజాలరని, క్రొత్త భూభాగాలలో బానిసత్వాన్ని కాంగ్రెసు నిషేధించజాలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాలుగేళ్ళకే అంతర్యుద్ధం మొదలైంది. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ పౌరసత్వాన్ని, చట్టపు సమాన రక్షణను, 1870లో 15వ సవరణ జాతి భేదం లేని ఓటు హక్కును ప్రకటించాయి. స్త్రీల ఓటు హక్కుకు 1920 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

భారత రాజ్యాంగంతో సంబంధం

ప్రజల పేరిట ఆరంభమయ్యే ప్రవేశిక, న్యాయస్థానాలు కాపాడే ప్రాథమిక హక్కులు, న్యాయ సమీక్ష - ఈ అంశాలలో భారత రాజ్యాంగంపై అమెరికా ప్రభావం కనిపిస్తుంది. 1947లో రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా వెళ్ళి అక్కడి న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలుసుకున్నాడు. న్యాయమూర్తులకు విస్తృతాధికారం ఇచ్చే ‘డ్యూ ప్రాసెస్’ అనే పదబంధం వద్దని ఆయన సూచించాడు. ముసాయిదా సంఘం, అందులో నెల్లూరు జిల్లాకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా సభ్యుడు, దాని స్థానంలో చట్టం నిర్దేశించిన పద్ధతి అన్న మాటలను 21వ అధికరణంలో చేర్చింది. అయితే 1978లో మేనకా గాంధీ కేసులో భారత సుప్రీంకోర్టు ఆ పద్ధతి న్యాయమైనదిగా, సహేతుకమైనదిగా ఉండాలని తీర్పు ఇచ్చింది. వ్రాసిన మాటకు అర్థం ఆచరణలోనే తేలుతుందన్న అమెరికా అనుభవం ఈ విధంగా ఇక్కడ కూడా పునరావృతమైంది.