భాగం 9: చక్రం లోపంతో ఫిట్‌నెస్ పరీక్షలో తప్పిన కారు – యజమాని చేయవలసినవి

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

• వాహనానికి ఫిట్‌నెస్ పరీక్ష ఎప్పుడు, ఏ చట్టం కింద జరుగుతుందో చెప్పడం
• టైరు, రిమ్ము, బేరింగు లోపాలను వేరువేరుగా గుర్తించడం
• పరీక్షలో తప్పినప్పుడు యజమానికి ఉన్న హక్కులను, బాధ్యతలను వివరించడం
• లోపాన్ని సరిచేయించి తిరిగి పరీక్షకు వెళ్ళే క్రమాన్ని రాయడం

9.1 పరిచయం

సీతాఫల్‌మండిలో ఉండే ఒక క్యాబ్ యజమానిని ఊహించండి. కారు కొని తొమ్మిదేళ్ళయింది. వారాసిగూడ, చిలకలగూడ మీదుగా సికింద్రాబాద్ స్టేషనుకు రోజుకు పదిసార్లు తిరిగే బండి. వానాకాలంలో నీళ్ళు నిలిచిన గుంతలో ఒకసారి ముందు ఎడమ చక్రం గట్టిగా పడింది. బండి ఆగలేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు. ఫిట్‌నెస్ గడువు ఇంకా 12 రోజులు ఉండగా పరీక్షకు తీసుకువెళ్ళాడు. ఇంజను, బ్రేకులు, దీపాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ముందు ఎడమ చక్రం రిమ్ము వంగిందని, టైరు పక్కగోడ ఉబ్బిందని చెప్పి అధికారి ధ్రువపత్రం ఇవ్వలేదు.

ఇక్కడ ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. పరీక్ష రోజుకు మాత్రం తెలిసినవారి బండి చక్రాలు అడిగి బిగించుకొని, పత్రం చేతికి రాగానే పాతవి మళ్ళీ వేసుకోవడం ఒకటి. లోపానికి కారణం తెలుసుకొని సరిచేయించడం రెండవది. మొదటిదానికి ఖర్చు తక్కువ. అయితే పత్రం వచ్చిన మరునాడు ఆ ఉబ్బిన టైరు మీదనే ప్రయాణికులు కూర్చుంటారు. రెండవ దారి ఎలా సాగాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 ఫిట్‌నెస్ పరీక్ష: చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనానికి, అంటే క్యాబ్, ఆటో, లారీ, బస్సు వంటి వాటికి, ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఉండాలి. అది లేకపోతే ఆ వాహనానికి సరైన రిజిస్ట్రేషను ఉన్నట్లు చట్టం పరిగణించదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 62వ నియమం గడువును నిర్ణయిస్తుంది. కొత్త రవాణా వాహనానికి రెండేళ్ళు, ఎనిమిదేళ్ళ వయసు వరకు ప్రతిసారీ రెండేళ్ళు, ఆ తరువాత ఏడాదికొకసారి పరీక్ష జరగాలి. మన ఉదాహరణలోని కారుకు తొమ్మిదేళ్ళు కాబట్టి ప్రతి ఏడాదీ పరీక్ష తప్పదు.

సొంత కారు సంగతి వేరు. దాని రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత పరీక్ష చేయించుకొని ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. అంటే ఈ విషయం క్యాబ్ నడిపేవారికే పరిమితం కాదు. మీ ఇంట్లో పాత కారు ఉంటే మీకూ వర్తిస్తుంది.

సికింద్రాబాద్ ప్రాంతీయ రవాణా కార్యాలయం తిరుమలగిరిలో ఉంది. ఈ పరీక్షను చాలాకాలంగా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లు స్వయంగా చూసి చేస్తున్నారు. యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ కేంద్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో నియమాలను వెలువరించింది. మనిషి చూసినా యంత్రం చూసినా చక్రం విషయంలో అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ చక్రం బరువును మోస్తూ, నిటారుగా తిరుగుతూ, రోడ్డును పట్టుకొని ఉండగలదా?

9.3 చక్రంలో ఏ భాగం చెడింది?

"చక్రం బాగోలేదు" అనే మాటతో మెకానిక్ దగ్గరకు వెళితే అవసరం లేని భాగాలు కూడా మారిపోవచ్చు. చక్రాన్ని మూడు భాగాలుగా చూడాలి.

(అ) టైరు: 94వ నియమం టైరు స్థితిని గురించి చెబుతుంది. లోపలి గుడ్డపొర బయటపడేలా టైరు అరగకూడదు, కోసుకుపోకూడదు. ఎక్కడా ఉబ్బు ఉండకూడదు. గాడుల లోతు కార్ల వంటి వాహనాలకు 1.6 మి.మీ., ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మి.మీ. కంటే తగ్గకూడదు. దీనిని కొలవడానికి పరికరం అవసరం లేదు. గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పైభాగం అరిగి ఆ గట్లతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్లే.

పక్కగోడ ఉబ్బు అన్నిటికంటే ప్రమాదకరం. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగినప్పుడు లోపలి దారాలు తెగుతాయి. తెగినచోట గాలి ఒత్తిడికి పైరబ్బరు ఒక్కటే అడ్డుగా నిలిచి, బయటికి ఉబ్బుతుంది. పంక్చరును అతికినట్లు దీనిని అతకడం కుదరదు. టైరు మార్చవలసిందే.

(ఆ) రిమ్ము: ఇనుప రిమ్ము దెబ్బకు వంగుతుంది. అల్లాయ్ రిమ్ము వంగడంతో పాటు పగిలే అవకాశం కూడా ఎక్కువ. ట్యూబులేని టైరుకు రిమ్ము అంచే గాలిని బిగించి పట్టే చోటు. అంచు వంగితే గాలి నెమ్మదిగా పోతుంది. పంక్చరు లేకుండానే రెండు మూడు రోజులకొకసారి గాలి తగ్గుతుంటే ముందుగా రిమ్ము అంచును అనుమానించండి.

(ఇ) బేరింగు, స్టీరింగు కీళ్ళు: జాకీ మీద చక్రాన్ని లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. కదలిక ఉంటే బేరింగును గాని, బాల్ జాయింటును గాని చూపించాలి. రెండు పక్కల పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగు టై రాడ్డు చివరలను చూపించాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి.

9.4 చిన్న వంపు ఎందుకు పెద్ద లోపం?

ఒక లెక్క చూడండి. టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉందనుకుందాం. వెడల్పు 165 మి.మీ. పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మి.మీ. రిమ్ము వ్యాసం 14 అంగుళాలు, అంటే 355.6 మి.మీ. పైన, కింద పక్కగోడలను కలిపితే చక్రం మొత్తం వ్యాసం సుమారు 620 మి.మీ. చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు.

గంటకు 60 కి.మీ. వేగంతో కారు నిమిషానికి 1,000 మీటర్లు వెళుతుంది. అంటే చక్రం నిమిషానికి సుమారు 514 సార్లు, సెకనుకు ఎనిమిది సార్లకు పైగా తిరుగుతుంది. రిమ్ములో వంపు ఉంటే అన్నిసార్లూ బేరింగుకు, కీళ్ళకు, స్టీరింగుకు చిన్న దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఇవాళ రిమ్ముతో పోయేది నాలుగు నెలల తరువాత బేరింగుకూ పాకుతుంది. పరీక్షకు అరువు చక్రాలు తెచ్చుకున్న యజమానికి ఖర్చు తప్పలేదు, వాయిదా పడి పెరిగింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తొమ్మిదేళ్ళు నిండిన క్యాబ్‌కు ఫిట్‌నెస్ పరీక్ష ఎంతకాలానికి ఒకసారి జరగాలి?
2. పంక్చరు లేకుండా టైరులో గాలి తగ్గడానికి ఒక కారణం రాయండి.

9.5 తప్పిన తరువాత: హక్కులు, బాధ్యతలు

వ్రాతపూర్వక కారణం: ధ్రువపత్రాన్ని నిరాకరించినప్పుడు కారణాలను రాసి యజమానికి ఇవ్వాలని 56వ సెక్షన్ చెబుతోంది. "టైర్లు మార్చుకొని రండి" అనే నోటిమాటతో తిరిగి రాకండి. ఏ చక్రం, ఏ భాగం, ఏ లోపం అన్నది కాగితం మీద ఉండాలి. మెకానిక్‌కు చూపవలసింది, మళ్ళీ పరీక్షకు తీసుకువెళ్ళవలసింది ఆ కాగితమే.

అప్పీలు: నిర్ణయం తప్పని మీరు భావిస్తే, ఉత్తర్వు అందిన 30 రోజులలోగా నిర్ణీత అధికారికి అప్పీలు చేసుకునే హక్కును 57వ సెక్షన్ ఇస్తుంది. అయితే ఉబ్బు కంటికి కనిపిస్తున్నప్పుడు అప్పీలు కంటే టైరు మార్చడమే త్వరగా తేలే మార్గం.

బండి తిప్పకపోవడం: పాత పత్రానికి ఇంకా 12 రోజులు ఉన్నాయి కదా అని అదే చక్రంతో తిప్పడం సరికాదు. వాహనం ప్రమాణాలకు తగినట్లు లేదని తేలితే కారణాలు రాసి, గడువులో ఉన్న పత్రాన్ని సైతం రద్దు చేసే అధికారం 56వ సెక్షన్‌లోనే ఉంది. గడువు దాటాక తిప్పితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రమాదం జరిగితే ఫిట్‌నెస్ లేదన్న అభ్యంతరం బీమా క్లెయిములోనూ తలెత్తుతుంది.

ఆలస్య రుసుము: 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ, గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు రుసుమును నిర్ణయించింది. నెల ఆలస్యమైతే 1,500 రూపాయలు. రోజు సంపాదన మీద బతికేవారికి ఇది భారమంటూ 2022 మే నెలలో హైదరాబాద్‌లో ఆటో, క్యాబ్ డ్రైవర్ల సంఘాలు ఒకరోజు బంద్ చేశాయి. ఈ ఆందోళనలో న్యాయం లేకపోలేదు. పని లేని రోజున రుసుము పెరుగుతుంటే, అరువు చక్రాలు తెచ్చి గట్టెక్కుదామన్న ఆలోచన కూడా పెరుగుతుంది. రుసుములు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు నాటి రేటును కార్యాలయంలో సరిచూసుకోండి. గడువుకు నెల ముందే స్లాటు తీసుకుంటే, ఒకసారి తప్పినా సరిచేసుకోవడానికి సమయం మిగులుతుంది.

9.6 సరిచేయించే క్రమం

1. కారణం: రిమ్మును బాలెన్సింగు యంత్రం మీద తిప్పించి వంపు ఎక్కడుందో మీరే చూడండి. అదే సమయంలో బేరింగును కూడా పరీక్షించమనండి.

2. రిమ్ము: ఇనుప రిమ్ము అంచు కొద్దిగా వంగితే సరిచేయవచ్చు. పగులు ఉంటే, బోల్టు రంధ్రాలు సాగిపోయి ఉంటే మార్చాలి. పగిలిన అల్లాయ్ రిమ్మును వెల్డింగు చేయించి వాడకండి. రాణిగంజ్‌లోని మోటారు విడిభాగాల దుకాణాలలో రిమ్ము కొనేటప్పుడు వ్యాసం, వెడల్పు, బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం పాతదానితో సరిపోవాలి.

3. టైరు: అదే కొలత, అంతకు తగ్గని బరువు సూచిక ఉన్నది తీసుకోండి. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని చెబుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగినది ఉండకుండా చూసుకోండి. స్టెప్నీని కూడా మరచిపోకండి.

4. బిగింపు: నట్లను వరుసగా కాక, ఎదురెదురుగా బిగించాలి. 50 నుంచి 100 కి.మీ. నడిచాక మరోసారి చూపించాలి.

5. అలైన్‌మెంటు: గుంతలో పడిన చక్రానికి ఇది తప్పనిసరి. చేయించకపోతే కొత్త టైరు ఒక అంచునే అరుగుతుంది.

6. తిరిగి పరీక్ష: నిరాకరణ కాగితం, బిల్లులు, అలైన్‌మెంటు రిపోర్టు వెంట తీసుకువెళ్ళండి.

9.7 సారాంశం

పరీక్షలో తప్పడం శిక్ష కాదు. బండిలో ఫలానా చోట ప్రమాదం ఉందని చెప్పే సమాచారం అది. నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా పొందడం యజమాని హక్కు. ఆ కారణాన్ని నిజంగా తొలగించడం ఆయన బాధ్యత. టైరు ఉబ్బుకు మరమ్మతు లేదు. పగిలిన రిమ్ముకు కూడా లేదు. మన ఉదాహరణలోని యజమాని 12 రోజులలో ఒక రిమ్ము, రెండు ముందు టైర్లు మార్చి, అలైన్‌మెంటు చేయించి మళ్ళీ పరీక్షకు వెళ్ళగలడు. అప్పుడు ఆయన చేతికి వచ్చే పత్రం ఆ కారు గురించి నిజమే చెబుతుంది.

9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి: జవాబులు

1. ఏడాదికొకసారి.
2. రిమ్ము అంచు వంగడం.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో జవాబులు రాయండి.
1. టైరు స్థితిని గురించి 94వ నియమం చెప్పే అంశాలు ఏవి?
2. ఫిట్‌నెస్ నిరాకరించినప్పుడు యజమానికి ఉన్న హక్కులను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నకు 30 వాక్యాలలో జవాబు రాయండి.
1. ఆలస్య రుసుము వాహన భద్రతను పెంచుతుందా, తగ్గిస్తుందా? మీ ప్రాంతంలోని ఒక ఆటో లేదా క్యాబ్ డ్రైవరుతో మాట్లాడి చర్చించండి.