సుబాబుల్ బేరంలో ధర ఎంత ముఖ్యమో కాటా అంత ముఖ్యం

సుబాబుల్ కర్రకు ధర టన్ను లెక్కన పలుకుతుంది. అయితే ఆ టన్నును ఎక్కడ తూచారు, ఏ రోజున తూచారు, బెరడు తీశాక తూచారా, తీయకముందా అన్న వాటిపైనే వర్తకుని లాభనష్టాలు ఆధారపడి ఉంటాయి.

చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. 1970 దశకంలో పశుగ్రాసంగా, వంటచెరకుగా మన దేశంలో ప్రచారం పొందింది. ఆ తరువాత ప్రకాశం, గుంటూరు, కృష్ణా, ఖమ్మం ప్రాంతాల్లో కాగితపు గుజ్జు కోసం వేసే పంటగా మారింది. సారపాకలోని ఐ.టి.సి., రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్ వంటి మిల్లులు దీనికి ప్రధాన గిరాకీదారులు. జామాయిలు, సరుగుడు కూడా ఇవే మిల్లులకు వెళ్తాయి గనుక వాటి రాబడి పెరిగితే సుబాబుల్ ధరపై ఒత్తిడి తప్పదు.

గింజ పొర గట్టిది. వేడినీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, తరువాత చన్నీటిలో నానబెట్టి విత్తుతారు. నీరు నిలిచే నేల, ఆమ్ల గుణం గల నేల దీనికి పనికిరావు. మొదటి ఏడాది కలుపు నుంచి, పశువుల నుంచి మొక్కను కాపాడుకోవాలి. 3, 4 ఏళ్లకు కోత వస్తుంది. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది గనుక రెండో పంటకు విత్తనం, నాట్లు అక్కరలేదు.

మార్కెట్‌కు చిక్కు ఇక్కడే ఉంది. ధర బాగున్న ఏడాది వేసిన తోటలన్నీ 3, 4 ఏళ్ల తరువాత ఒకేసారి కోతకు వస్తాయి. ధర పడినా మోళ్లు పెకలించడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల రాబడి వెంటనే తగ్గదు. చెట్టు నిలిచి ఉన్నంతకాలం రైతు కొంత ఆగగలడు. నరికిన తరువాత ఆగితే నష్టమే.

పచ్చికర్ర బరువులో పెద్ద భాగం నీరే. ఎండలో రోజురోజుకూ తరుగు వస్తుంది. ఉదాహరణకు పొలంలో 20 టన్నులున్న సరుకు పదో వంతు ఆరిపోతే, మిల్లు గేటు వద్ద కాటా 18 టన్నులే చూపుతుంది. కోత కూలి 20 టన్నులకు చెల్లిస్తే, బిల్లు మాత్రం 18 టన్నులకే వస్తుంది. లారీ దొరకకపోయినా, మిల్లు వద్ద లారీలు బారులు తీరినా ఈ తరుగు ఇంకా పెరుగుతుంది.

తోటను గుత్తకు కొన్న వర్తకుడే ఈ తరుగు మొత్తం భరించాలి. టన్ను లెక్కన మిల్లు కాటాపై బేరమైతే అది రైతుపై పడుతుంది. కనుక కాటా స్థలం, బెరడు షరతు, కోత కూలి, లారీ కిరాయి, సొమ్ము చెల్లించే గడువు ముందే రాసుకోవడం ఉభయులకూ మేలు. లారీ ఖాయమయ్యాకే గొడ్డలి పెట్టించడం క్షేమం.