క్యూ పక్కన యూ లేకపోతే?

శాఖల మధ్య ఆటల పోటీలు వచ్చాయంటే ఖోఖోకీ త్రోబాల్‌కీ తెలుగు శాఖ పేర్లు అందరికంటే ముందుంటాయి. స్క్రాబుల్ కాగితం దగ్గర మాత్రం మన వరస ఖాళీ. "అది ఇంగ్లీషు వాళ్ల ఆట కదక్కా, మనకెన్ని మాటలొచ్చని?" అంటారు చెల్లెళ్లు. నిరుడు నేను గణితం శాఖ అమ్మాయితో జత కట్టి ఆడాను. ఆఖరి బల్ల దాకా వచ్చినవాళ్లలో ఇంగ్లీషు సాహిత్యం వాళ్లకంటే లెక్కల వాళ్లే ఎక్కువ. వాళ్ల పక్కన కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. ప్లస్ టూ దాకా నేర్చిన ఇంగ్లీషే ఈ ఆటకు చాలు, అక్షరాలను చూసే తీరు కొంచెం మార్చుకోవాలి, అంతే. పక్కన ఒక కాగితం పెట్టుకుని, నేను చెప్పే అక్షరాలను ఇంగ్లీషులో రాసుకుంటూ చదవండి.

ముందు ఆట సంగతి. 1930లలో అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి, ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టుకు పని లేకుండా పోయింది. ఆయన వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి, ఆ లెక్కమీద ఈ ఆట కట్టాడు. స్క్రాబుల్ అనే పేరు 1948లో వచ్చింది. మొత్తం 100 బిళ్లలు. ఎక్కువగా వాడే ఇ అక్షరానికి 12 బిళ్లలు, విలువ ఒక్క పాయింటే. క్యూ, జెడ్ ఒక్కొక్కటే, వాటికి 10 పాయింట్లు. రెండు బిళ్లల మీద ఏమీ ఉండదు, వాటిని ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. చేతిలో 7 బిళ్లలుంటాయి. ఏడూ ఒకేసారి వేసి మాట కట్టగలిగితే అదనంగా 50.

ఇక మన కష్టం ఎక్కడుందంటే, చెవిలో ఉంది. మనం మాటను అక్షరంగా వింటాం. 'లిజన్' అంటే మనకు లి, జ, న్. 'సైలెంట్' అంటే సై, లెం, ట్. రెంటికీ చుట్టరికమే లేదు. కాగితం మీద రాసి చూడండి: ఎల్-ఐ-ఎస్-టి-ఇ-ఎన్, ఎస్-ఐ-ఎల్-ఇ-ఎన్-టి. అవే ఆరు బిళ్లలు! లిజన్‌లో టి ఉన్నట్టు చెవికి ఎప్పుడూ తెలీదు. అవధానం పాఠంలో మేడమ్ చెప్పిన వ్యస్తాక్షరి గుర్తుందా? అక్కడ పృచ్ఛకులు అక్షరాలను కలగాపులగంగా ఇచ్చినా ఎన్నో అక్షరమో చెప్తారు, పైగా ఇచ్చేది పలికే అక్షరం. ఇక్కడ చోటూ చెప్పరు, పలుకూ చెప్పరు.

నిఘంటువు కూడా సాయం చేయదు. అది మొదటి అక్షరం వరసలో ఉంటుంది కాబట్టి, నడుమ జెడ్ ఉన్న మాటలు కావాలంటే పుస్తకమంతా తిప్పాలి. మన బుర్ర కూడా అలాగే, మొదటి అక్షరం అందిస్తేనే మాట అందిస్తుంది. అందుకని బాగా ఆడేవాళ్లు ఒక పని చేస్తారు. చేతిలోని బిళ్లలను ఏ బి సి డి వరసలో పేర్చి, ఆ వరసనే గుర్తు పెట్టుకుంటారు. ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి అనే వరస కనబడగానే లిజన్, సైలెంట్ రెండూ తట్టాలి. ఏ-ఇ-ఐ-ఎన్-ఆర్-ఎస్-టి వస్తే పండగే. రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్ మూడూ అందులోనే ఉన్నాయి, ఏ ఒక్కటి వేసినా ఏడు బిళ్లలూ అయిపోతాయి. అక్షరాలు ఇస్తే మాటలు వెతికిపెట్టే ఫోన్ ఆప్‌లు కూడా ఇలా వరస పెట్టుకుని వెతకొచ్చు. ఆట అయ్యాక, ఏం వేసుండొచ్చో చూసుకోవడానికి ఆ ఆప్‌లు మంచివే. ఆట మధ్యలో తీస్తే మాత్రం అది కాపీ కొట్టడమే.

అంత గుర్తు లేనివాళ్లకు తేలిక దారి, జంటలు. సి పక్కన హెచ్, సి పక్కన కె, పి పక్కన హెచ్ పెట్టి చూడాలి. ఐ-ఎన్-జి ఉంటే తీసి కుడి చివర పెట్టెయ్యాలి, మిగిలిన నాలుగు అక్షరాలతో మాట వెతకడం సులువు. ఆర్-ఇ, యూ-ఎన్ ఎడమ చివరకు. అచ్చులు రాకపోతే వై ఉందేమో చూడండి: మిత్, హిమ్, లింక్స్, రిథమ్. వీటిలో ఏ ఇ ఐ ఓ యూ ఒక్కటీ లేదు.

అందరూ భయపడేది క్యూకి. యూ లేకుండా క్యూ వస్తే తిరిగి సంచిలో వేసేవాళ్లే ఎక్కువ. నాకు ఆ బిళ్లంటేనే ఇష్టం. యూ అవసరం లేని క్యూ మాటల్లో చాలావరకు అరబ్బీ, పారసీ, ఉర్దూ దారిన ఇంగ్లీషులోకి వెళ్లినవి, అంటే మనం బజార్లోనూ సినిమాల్లోనూ విన్నవే. ఫకీరును ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్ అని రాయొచ్చు, 17 పాయింట్లు. బురఖా బి-యూ-ఆర్-క్యూ-ఏ, ఇందులో యూ ఉన్నా క్యూ పక్కన లేదు. తలాక్‌కి చివర క్యూ. ఖవ్వాలీని క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ అని రాస్తే సరిగ్గా ఏడు బిళ్లలు! ఏమీ కుదరకపోతే క్యూ-ఐ ఉండనే ఉంది. 'చీ' అని పలకాలి, చైనావాళ్లు ప్రాణశక్తికి చెప్పే మాట. రెండు బిళ్లలకు 11 పాయింట్లు.

మన వైపు నుంచి వెళ్లిన మాటలు కూడా తక్కువేం కాదు. చుట్టను తమిళంలో సురుట్టు అంటారు కదా, అదే ఇంగ్లీషులో చెరూట్ అయింది. సి-హెచ్-ఇ-ఆర్-ఓ-ఓ-టి, ఏడక్షరాలు. మా అవ్వ మడిలో దాచుకునే చుట్టకు 62 పాయింట్లన్నమాట. కట్టుమరం కాటమరాన్ అయింది. ఇవి తమిళం ఇచ్చినవి. అచ్చంగా తెలుగు ఇచ్చింది బాండికూట్, మన పందికొక్కే! తమిళంలో దానికి పెరుచ్చాళి అని వేరే పేరుంది. తొమ్మిదక్షరాల మాట కాబట్టి ఒక్క చేతిలో పట్టదు. బోర్డు మీద ఎవరైనా బి-ఏ-ఎన్-డి, అంటే బ్యాండ్, వేసి ఉంటే దాని వెనక ఐ-సి-ఓ-ఓ-టి చేర్చండి, పందికొక్కు తయారు.

ఫోన్లో వర్డ్‌ల్ ఆడేవాళ్లకు ఒక మాట. అక్కడ దాచిన ఐదక్షరాల మాటను 6 ప్రయత్నాల్లో పట్టాలి. ఇ తప్ప మిగతా అచ్చులన్నీ ఒకేసారి తేలిపోతాయని చాలామంది ఆడియోతో మొదలుపెడతారు. అచ్చుల కంటే హల్లులే మాటను త్వరగా పట్టిస్తాయని నా లెక్క, అందుకే నేను స్టేర్‌తో మొదలుపెడతాను.

పోటీలో అడుగుపెట్టే ముందు ఏ పదజాబితా ప్రకారం ఆడుతున్నారో అడిగి తెలుసుకోండి. అమెరికా జాబితా వేరు, కాలిన్స్ జాబితా వేరు. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు దేంట్లోనూ చెల్లవు. మీరు ఐ-డి-ఎల్-ఐ అని వేసినప్పుడు ఎదుటి అమ్మాయి "ఇడ్లీ ఇంగ్లీషా?" అని చాలెంజ్ చెయ్యొచ్చు. కాలిన్స్ జాబితా అయితే గొడవ పడకుండా తెరిచి చూపించండి. ఇడ్లీ ఉంది, దోసె కూడా ఉంది.