ట్రాలీ లైటు ఎందుకు వెలగదు?

చీకటి పడింది. ట్రాక్టరు రోడ్డెక్కింది. వెనక ట్రాలీ నిండా వడ్ల బస్తాలు. ట్రాలీకి ఎర్ర లైటు వెలగడం లేదు. వెనక వచ్చే లారీ డ్రైవరుకి ట్రాలీ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. అప్పుడు బ్రేకు వేసినా లారీ ఆగదు. ప్రాణాలు పోతాయి.

లైటు ఎందుకు వెలగదు?

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. బ్యాటరీ నుంచి కరెంటు వైరులో బల్బుకి పోతుంది. ట్రాలీ ఇనుము గుండా, ఎర్తు వైరు గుండా తిరిగి వస్తుంది. పోయే దారి, వచ్చే దారి రెండూ బాగుంటేనే లైటు వెలుగుతుంది.

ఏం చూడాలి?

ముందు స్విచ్చి ఆపాలి.

ఒక్క లైటే వెలగకపోతే బల్బు చూడాలి.

ఏ లైటూ వెలగకపోతే ఫ్యూజు, ప్లగ్గు, ఎర్తు చూడాలి. ప్లగ్గులో మట్టి, చిలుము ఉంటే తుడవాలి.

లైటు మసకగా వెలిగితే ఎర్తు చూడాలి. ఎర్తు బోల్టు కింద తుప్పు గీకి, గట్టిగా బిగించాలి.

ఫ్యూజు కాలిపోతే అలాంటిదే వేయాలి. మామూలు తీగ చుట్టకూడదు. వైర్లు కాలి మంట లేస్తుంది.

డ్రైవరు ముందు కూర్చుంటాడు. వెనక లైటు అతనికి కనపడదు. ట్రాలీ మనదైనా, బాడుగదైనా మనమే వెనక్కి వెళ్లి చూడాలి. లైటు వెలిగాకే బండి కదలనివ్వాలి.