ఫోనుకు వేడి చేసింది

జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో అత్తా కోడళ్ళు ఉన్నారు. అత్త కొడుకు కువైట్‌లో కూలి పని చేస్తాడు. అక్కడ శుక్రవారం సెలవు. వారానికి ఆ ఒక్క రోజే అతనికి తీరిక. పొద్దున లేచి, తిని, ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. అక్కడ ఉదయం 9:30 అయితే మనకు మధ్యాహ్నం 12 గంటలు.

అది మే నెల. ఇల్లేమో రేకుల ఇల్లు. లోపల పొయ్యిలో కూర్చున్నట్టే ఉంది. ఫోనులో చార్జింగ్ తక్కువ ఉంది. కోడలు చార్జర్ వైరు తగిలించింది. ఫోనును పరుపు మీద దిండుకు ఆనించింది. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. అయినా మాటలు ఆగలేదు. నాలుగేళ్ళ కొడుకు నాన్నకు తన కొత్త పలక చూపిస్తున్నాడు.

అరగంట గడిచింది. తెర మసకబారింది. కాల్ ఆగిపోయింది. పిల్లవాడు ఫోను పట్టుకున్నాడు.

"అమ్మా, కాల్తుంది!" అని వదిలేశాడు.

"ఎవరి దిష్టో తాకింది బిడ్డా" అంది అత్త. ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి దిగదుడిచింది. కోడలు ఫోనును ఫ్రిజ్‌లో పెట్టబోయింది. అప్పుడు తెర మీద అక్షరాలు కనిపించాయి. ఆ ఫోనులో భాష తెలుగుకు మార్చి ఉంది. ఆమె కూడబలుక్కుని చదివింది.

"ఫోను వే...డె...క్కింది. చల్లబడ...నివ్వండి."

ఆమె ఫ్రిజ్ తలుపు మూసింది. మర్నాడు చదువు కేంద్రంలో ఈ సంగతి చెప్పింది. అక్కడ అందరూ కలిసి తెలుసుకున్న విషయాలు ఇవి.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

పని చేసే వస్తువు ఏదైనా వేడెక్కుతుంది. మిక్సీ వేడెక్కుతుంది. బోరు మోటారు వేడెక్కుతుంది. ఫోను కూడా అంతే. ఫోను లోపల చిప్పు ఉంటుంది. అదే ఫోనుకు బుర్ర.

మామూలు కాల్‌లో ఫోను గొంతు ఒక్కటే మోస్తుంది. వీడియో కాల్‌లో అలా కాదు. నెత్తిన బిందె, చంకన బిడ్డ, చేతిలో గంప పట్టుకుని నడిచే మనిషిలా ఉంటుంది దాని పని. కెమెరా సెకనుకు 30 దాకా బొమ్మలు తీస్తుంది. పత్తిని బస్తాలో తొక్కినట్టు చిప్పు ఆ బొమ్మలను కుదించి పంపుతుంది. అవతలి నుంచి కుదించి వచ్చిన బొమ్మలను విప్పి చూపిస్తుంది. తెర వెలుగుతూనే ఉంటుంది. స్పీకరు మోగుతూనే ఉంటుంది. అన్నీ ఒక్కసారే!

సిగ్నల్ తక్కువ ఉంటే కష్టం ఇంకా పెరుగుతుంది. దూరపు చేనులో ఉన్న మనిషిని పిలవాలంటే గట్టిగా అరవాలి కదా. ఫోను కూడా టవరుకు వినపడాలని ఎక్కువ బలం పెడుతుంది. దాంతో వేడి పుడుతుంది.

చార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీ కూడా వేడెక్కుతుంది. చాలా ఫోన్లు 35 డిగ్రీల ఎండ వరకు బాగా పని చేసేలా తయారవుతాయి. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు కూడా ఉన్నాయి.

ఫోను లోపల ఫ్యాను ఉండదు. వేడి దాని వీపు నుంచే బయటికి పోవాలి. దిండుకు ఆనించితే వేడి పోయే దారి లేదు. అన్నం గిన్నెకు దుప్పటి చుట్టినట్టు అవుతుంది.

తెర మసకబారిందంటే ఫోను చెడిపోయిందని కాదు. ఎండలో పని చేసిన మనిషి కాసేపు నీడన కూర్చున్నట్టు, అది తనను తాను కాపాడుకుంటోంది.

వేడితో నష్టం ఏమిటి?

కాస్త గోరువెచ్చగా ఉంటే భయం లేదు. చేతితో పట్టుకోలేనంత కాలితే ప్రమాదం. మాటిమాటికీ అంత వేడెక్కితే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. చార్జింగ్ నిలవదు. ఒక్కోసారి లోపల గ్యాసు పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. ఫోను వీపు పైకి లేస్తుంది. అలాంటి బ్యాటరీకి నిప్పు అంటుకోవచ్చు.

ఏం చేయాలి?

1. కాల్‌కు ముందే చార్జింగ్ పెట్టుకోవాలి. మాట్లాడేటప్పుడు వైరు తీసేయాలి.

2. నీడలో, గాలి తగిలే చోట కూర్చోవాలి. ఫోనును చెంబుకో గోడకో ఆనించాలి. పరుపు, దిండు వద్దు. కవరు తీసేస్తే మంచిది.

3. సిగ్నల్ బాగా అందే చోటు వెతుక్కోవాలి. అందకపోతే కెమెరా ఆపి మాటలే మాట్లాడుకోవాలి.

4. తెర వెలుగు తగ్గించాలి.

5. ఫోను కాలితే కాల్ ఆపాలి. వైరు, కవరు తీయాలి. ఫ్యాను కింద ఉంచాలి.

6. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లటి నీళ్ళ గ్లాసుకు బయట చెమట పడుతుంది కదా. అలాగే ఫోను లోపల తడి చేరి పాడవుతుంది.

7. బ్యాటరీ ఉబ్బితే ఫోను ఆపేయాలి. చార్జింగ్ పెట్టకూడదు. నొక్కకూడదు, గుచ్చకూడదు. చెత్తలో, మంటలో వేయకూడదు. పిల్లలకు అందకుండా ఉంచి, రిపేరు దుకాణంలో ఇవ్వాలి.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. కోడలు 11 గంటలకే చార్జింగ్ నింపింది. వైరు తీసింది. వాకిట్లో వేపచెట్టు నీడన పీట వేసింది. పీట మీద చెంబుకు ఫోనును ఆనించింది. గంటసేపు మాట్లాడుకున్నారు. కాల్ ఆగలేదు.

"దిష్టి తీయకుండానే పోయిందే!" అంది అత్త.

"ఇవన్నీ నీకు ఎవరు చెప్పిన్రు?" అని కువైట్ నుంచి భర్త అడిగాడు.

"మొదలు ఫోనే చెప్పింది" అని కోడలు నవ్వింది. "నేను చదివిన."

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ ఇంట్లో ఫోను ఎక్కడ పెట్టి చార్జ్ చేస్తారు?
మీ ఫోను వీపు ఎక్కడైనా ఉబ్బిందా? ఇవాళే చూడండి.
మీ ఫోనులో భాష తెలుగుకు మార్చుకున్నారా?