ముహూర్తాల మీద బతుకు

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఆ వారానికి ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారం సాయంత్రానికల్లా కాపీ అందాలి అన్నారు ఎడిటర్ గారు. కెమెరాల గురించి రాద్దామని గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊరి స్టూడియోకి వెళ్లాను. ఆషాఢం చివరి వారం. శ్రావణం వస్తే ఆ స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్ దొరకరు. కౌంటర్ మీదున్న డైరీ తిరగేశాక ఇంక కెమెరాల జోలికి పోలేదు.

అది పెళ్లిళ్ల డైరీ. ఒక్కో పెళ్లికి ఒక్కో పేజీ. పైన ముహూర్తం, కల్యాణమండపం, అడ్వాన్సు, బ్యాలెన్సు. కింద తప్పక తీయాల్సినవి. ‘బుట్టలో అమ్మాయి. మేనమామ ముఖం కూడా పడాలి.’ ‘నాయనమ్మ మంచం మీద ఉన్నారు. ముందే ఇంటికెళ్లి తీయాలి.’

మాఘ, ఫాల్గుణాల్లో ఒకే తేదీకి మూడేసి పేర్లు. రెండు కొట్టేసి ఉన్నాయి. మంచి ముహూర్తం అందరికీ ఒకటే, ఈయనా ఒక్కరే. ఆ తర్వాత మూఢం, ఆషాఢం. అన్నీ తెల్ల పేజీలే. షాపు అద్దెకీ కెమెరా వాయిదాలకీ మూఢం ఉండదు. ఒకప్పుడు ఆ రోజుల్ని పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు గట్టెక్కించేవి. ఇప్పుడు ఆధార్ కేంద్రంలో, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కౌంటర్ దగ్గరే ఫొటో తీసేస్తున్నారు.

పెళ్లిలో పని మాత్రం పెరిగింది. ప్రీ వెడ్డింగ్, క్యాండిడ్, డ్రోన్, రీల్స్ అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. డ్రోన్ కుర్రాడికీ ఎడిటింగ్‌కీ ఆల్బమ్ ల్యాబ్‌కీ ఇవ్వగా మిగిలిందే ఈయనది. అదీ చేతికి రావాలంటే పెళ్లివారు ఫొటోలు ఎంచి పంపాలి. అప్పుడే ఆల్బమ్, ఆల్బమ్ ఇచ్చాకే బ్యాలెన్సు. ఒక పేజీలో ‘సెలక్షన్ రాలేదు’ అని నాలుగుసార్లు రాసుంది. నాలుగూ వేర్వేరు ఇంకులు.

“అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదండీ, మీ అవసరమేంటి?” అని అడిగేశాను.

“జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అందరూ తీస్తారండీ. అది పడకపోతే మాత్రం అడిగేది నన్నే.”

హడావిడిగా కాస్త చరిత్ర: 1839లో ఇదే ఆగస్టు 19న డాగెరోటైప్ విధానాన్ని పారిస్‌లో వివరంగా వెల్లడించారు. 1880లలో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, ఆరో నిజాం కొలువులో పనిచేశారు. 1975లో కొడాక్ ఇంజినీరు డిజిటల్ కెమెరా తయారుచేశాడు. 2012లో ఆ కొడాకే దివాలా రక్షణ కోరింది. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసే చేతులకు ఈలోగా పని పోయింది.

మనం ఆల్బమ్ షీట్లు లెక్కపెట్టి బేరమాడతాం. నిజానికి ఆయనకిచ్చేది ఆ ఒక్క క్షణానికి పూచీ పడినందుకు. మళ్లీ రాని క్షణం అది. నాకు ఫొటోగ్రాఫర్లంటే ఉన్న గౌరవమంతా దానికే.

నేను లేచేసరికి ఆయన శ్రావణం మొదటి పేజీ తీసి, ‘మేనమామ’ అన్నచోట ఎర్ర ఇంకుతో గీత గీస్తున్నారు.

బాక్స్: ఫొటో ఎవరి సొంతం?

కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి తొలి హక్కుదారు తీయించుకున్నవారే. వేరే ఒప్పందం ఉంటేనే లెక్క మారుతుంది. ఆ ఫొటోలను తమ ప్రచారానికి వాడుకోవాలంటే ఫొటోగ్రాఫర్లు అడ్వాన్సు రోజే రాయించుకోవాలి. సెలక్షన్ గడువు, బ్యాలెన్సు తేదీ కూడా ఆ కాగితం మీదే ఉంటే మేలు.